గుంట అంటే గొయ్యొక్కటేనా?

శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి,
ఆదివారం.

అన్నయ్యకు, వదినకు సుభద్ర నమస్కారాలు. చిట్టిగాడికి బోలెడు ముద్దులు.

నేనిక్కడ కులాసా. నాకంటే కులాసాగా సముద్రం ఉంది, రోజంతా హోరుమంటూ. మీరంతా ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన దగ్గు పోయిందా? చిట్టిగాడికి పళ్ళు వచ్చాయా? ఒక్కటీ వదలకుండా జవాబు రాయి. నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. తెనాలిలో నన్ను రైలెక్కించి పైకండువాతో కళ్ళొత్తుకున్నావు చూడు, ఇంక ఆ అవసరం లేదు.

మాఘం వచ్చి చలి వెనకబట్టింది. గాలిలో ఉప్పుకి తల దువ్వెనకు లొంగడం లేదు. పొద్దున్నే చోడంబలి తాగుతున్నాను. చోళ్ళంటే మరేం కాదు, మన రాగులే. ఊరంతా చేపలు ఎండబెడతారు కనుక మొదటి నెల ముక్కు మూసుకుని బతికాను. ఇప్పుడా వాసన రాకపోతే, తెప్పలు వేటకు వెళ్ళలేదు కాబోలు, ఇళ్ళల్లో పొయ్యి రాజుకుంటుందో లేదో అని దిగులు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని ఊరికే అన్నారా! మొదట్లో సాయంత్రమైతే మాట్లాడే మనిషి లేక ఏడుపొచ్చేది. అది మొదట్లో. బెంగ వద్దన్నాను కదా.

ఇక అసలు సంగతి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

నేను బడిలో టీచరుగా చేరిన రోజున పక్క పాకలో ఉండే అప్పలమ్మ వచ్చింది. మొగుడు తెప్ప మీద వేటకు పోతాడు. ఈవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకు పోతుంది. "నాకో గుంట ఉన్నాదమ్మా. బడికి తోలీమంతావేటి?" అంది. గుంటను బడికి తోలడమేమిటి? చేపల గుంట తాలూకు తగాదా కాబోలనుకుని, "గుంటల సంగతి పంచాయతీ వాళ్ళనడగమ్మా" అన్నాను. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని నన్నో వింత చూసినట్టు చూసి, వెనకాల నక్కిన పదేళ్ళ పిల్లను లాగి నా ముందు నిలబెట్టింది. ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల, అన్నయ్యా! ఆ పిల్ల పేరు నూకాలు. నాలుగో తరగతితో ఆగిపోయింది.

అది నీకు రాస్తే నువ్వేం రాశావో గుర్తుందా? "నవ్వుకోవడం కాదు, దిద్దు. పలుకు దిద్దుకోని వాళ్ళకు చదువు అబ్బదు." నీ మాట నాకు వేదం కదా. మర్నాడే బోర్డు మీద రాశాను: 'గుంట అనగా గొయ్యి. ఆడపిల్లను బాలిక అనవలెను.' అందరి చేతా పలకల మీద పదేసి సార్లు రాయించాను. 'సెప్పు' అన్న పిల్లను 'చెప్పు' అనేదాకా నిలబెట్టాను. 'ఏటి' అన్నవాడికి బెత్తం. చిన్నప్పుడు నువ్వు నాకు చేసిందే వీళ్ళకు చేశాను.

బడి ఎంత నిశ్శబ్దమైపోయిందో! అది క్రమశిక్షణ అనుకుని మురిసిపోయాను, నా మొహం. నెల తిరక్కుండా నూకాలు రావడం మానేసింది. ఏమైందని అడగబోతే అప్పలమ్మ నెత్తి మీద గంప దించకుండానే కడిగేసింది.

"మా గుంట రాదమ్మా. ఇంటికాడ కూడా నోరిప్పడం మానీసినాది. ఆకలేస్తే బువ్వెట్టమని అడగదు, గిన్నె సూపిస్తాది. మాటాడితే తప్పంట కదా! ఏటి సేసీసినావమ్మా మా గుంటని?"

తల కొట్టేసినట్టయింది. కన్నతల్లిని అన్నం అడగడానికి భయపడేలా చేశానే! నాదీ ఒక చదువేనా? అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చాను. తప్పు నాదే అని అప్పలమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ కరిగినా పిల్ల కరగలేదు. రోజూ తెప్పలు వచ్చేవేళకు ఒడ్డుకు వెళ్ళి, "నాకు మీ మాటలు నేర్పవే నూకాలూ" అని బతిమాలాను. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో రోజున ఒక చేపను చూపించి దాని పేరు నేనే తప్పుగా పలికాను. పిల్ల కిసుక్కున నవ్వి, "అలగ కాదండి, కానాగంత! మళ్ళీ అనండి" అంది. పదిసార్లు అనిపించింది నా చేత. నాకు బాగా అయింది.

ఆ మర్నాడే బడికి వచ్చింది. నేనూ పద్ధతి మార్చాను. పిల్లలు ముందు తమ మాట తాము పలికినట్టే రాస్తారు. దాని పక్కన పుస్తకంలో మాట రాస్తారు. రెండూ వాళ్ళవే. చూస్తూ చూస్తూ మొద్దులనుకున్న పిల్లలు పేజీలు చదివేస్తున్నారు. మన బడులకు పట్టిన రోగమేమిటో నాకిప్పుడు బాగా తెలుసు, అన్నయ్యా. పిల్ల ఇంటి నుంచి తెచ్చుకునే ఆస్తి మాట ఒక్కటే. గుమ్మంలోనే దాన్ని లాక్కుని, ఇంక లోపలికొచ్చి చదువుకో అంటాం. చదవకపోతే మొద్దంటాం. తెప్పలు ఒడ్డు చేరే వేళకే బడిగంట కొట్టి, పిల్లలు రావడం లేదని ఫిర్యాదులు రాస్తాం. సముద్రం మన గంట వింటుందా? నేను గంటే జరిపేశాను. చేపలు గంపలకెక్కాక బడి మొదలు, దీపాల వేళకు సెలవు. ఐదు తరగతులకూ ఒక్క టీచరే అయితే ఊళ్ళో కాపురమున్న టీచరైనా కావాలి. వచ్చిపోయే టీచరుకు అప్పలమ్మ కోపం ఎలా తెలుస్తుంది?

మొన్న మంగళవారం తనిఖీ జరిగింది. ఐదో తరగతి నుంచి పై బడికి ఎవరు పనికొస్తారో తేల్చేది ఈ తనిఖీలోనే. పనికిరాదంటే నూకాలుకి గంపే గతి. ఇన్‌స్పెక్టరుగారు వాచకం తీసి, "గుంటలో నీరు నిలిచెను. గుంట అనగా నేమి?" అని నూకాలునే అడిగారు.

నూకాలు లేచి నిలబడి, "నానేనండి" అంది.

ఆయన కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. "ఐదో తరగతి తెలివి ఇదా? ఈ పిల్ల పై బడికి పనికిరాదు" అన్నారు. పిల్ల పెదాలు బిగుసుకున్నాయి. మళ్ళీ ఆ నోరు మూతపడనివ్వకూడదనుకున్నాను. లేచాను. "తప్పు చెప్పలేదండీ. ఈ ఊళ్ళో గుంట అంటే ఆడపిల్ల" అన్నాను. ఆయన నా మొహం చూసి ఏదో అనబోయారు.

ఇంతలో నూకాలు, "మీ ఊర్లో ఏటంతారండి గుంటంటే?" అని ఆయన్నే అడిగింది.

"గొయ్యి" అన్నారాయన.

"అదీ తెలుసండి. అది పుస్తకంలో గుంట. నాను ఇంటికాడ గుంట."

అని వాచకం తీసుకుని ఆ పాఠం మొదటి నుంచి చివరిదాకా గడగడా చదివేసింది. ఆయన ప్యాసని సంతకం పెట్టారు. జూన్‌లో నూకాలు పై బడికి వెళ్తుంది! పోతూ పోతూ మాత్రం తనిఖీ పుస్తకంలో, 'ఉపాధ్యాయిని యాసను ప్రోత్సహించుచున్నది, వేళలు మార్చినది, సంజాయిషీ ఇవ్వవలెను' అని రాసిపోయారు. ఇచ్చేశాను, నాలుగు పేజీలు. పైన రాసినవన్నీ అందులో ఉన్నాయి, ఇంకాస్త మర్యాదగా. ఉద్యోగం ఎక్కడికీ పోదు. పోయినా, ఈ పద్ధతి సరైనదన్న సంగతి పోదు.

వదిన చేతి చింతకాయ పచ్చడి వీలైతే ఒక చిన్న జాడీ పంపించండి. పెద్దమ్మకు, బాబాయికి నా నమస్కారాలు చెప్పు. వాళ్ళ దీవెనలు, మీ దీవెనలు నాకెప్పుడూ కావాలి.

నీకు ఇంకో చిన్న పని. నీ బల్ల మీద పెద్ద నిఘంటువు ఉందే, అది తెరువు. గుంట దగ్గర గొయ్యి అని ఉంటుంది. ఆడపిల్ల అని కూడా ఉందేమో చూడు. లేకపోతే పక్క ఖాళీలో నీ ముత్యాల్లాంటి దస్తూరీతో రాయి. పదిసార్లు అక్కర్లేదు, ఒక్కసారి చాలు.

ఇట్లు,
మన ఇంటి గుంట,
సుభద్ర