ముందు చక్రానికి డిస్క్ బ్రేకు

2006 జూలై, ఆదివారం రాత్రి

తమ్ముడు మురళి పాత గేర్ల సైకిలుకి ఇవాళ డిస్క్ బ్రేకు బిగించాం. పోయిన వానాకాలం తడిసిన రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు జారి, కొండవాలులో పడి వాడు మోచెయ్యి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఇదే నా పోరు.

ముందు చక్రాన్ని పట్టుకునే పాత ఫోర్కుకి డిస్క్ బ్రేకు బిగించే చోటు లేదు. పూతలపట్టులో వెల్డింగ్ చేయించి ఇనుప పట్టీ అతికించాం. బ్రేకు పడితే చక్రం చక్కగా ఆగింది. కానీ గట్టిగా పట్టినప్పుడల్లా ఫోర్కు దగ్గర టిక్కుమంటోంది.

"పెయింటు సప్పుడులే అన్నా. రేపు పొద్దున్నే కొండెక్కి దిగుతా, సూడు," అన్నాడు మురళి.

"వెల్డింగ్ ఊడొస్తే ఏం జేస్తావురా?"

"నీకు అన్నిటికీ బయమే అబ్బా!"

నిజమే, భయమే. టార్చి వేసి చూశాను, పగులు కనపడలేదు. కనపడనందుకు ఇంకా గుబులుగా ఉంది. ఈ బ్రేకు పెట్టించుకోమని వాడి ప్రాణం తీసింది నేనే. అప్పుడు చెయ్యితో పోయింది. ఈసారి...

భోజనాలయ్యాక వాడు చూడకుండా ముందు చక్రం ఊడదీసి నా మంచం కింద పెట్టుకున్నాను. డిస్కుకి తగిన కొత్త ఫోర్కు దొరికేదాకా ఇవ్వను. పొద్దున ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. అరవనీ. అరవడానికి ఇంట్లో ఉంటాడు.