లంగరు పట్టిన స్త్రీ

1938, కార్తీకం, గురువారం రాత్రి

ఈ రోజు ఫ్రేము కట్టమని ఒక నవాబు గారి దేవిడీ నుంచి పాత విలాయతీ చిత్రం పంపారు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసింది. ఒక స్త్రీ ఓడ లంగరు పట్టుకొని ఆకాశం వైపు చూస్తోంది.

ధూల్‌పేట్‌లో వినాయకులను చేసే మల్లన్న నా దుకాణానికి వచ్చి, చూడగానే దండం పెట్టాడు.

"ఏ దేవతనే గీమె? చేతిల గదేం ఆయుధం?"

"దేవత కాదు మల్లన్నా. లంగరు పట్టుకుంటే ఆశ అని గుర్తు. పుస్తకంల చదివిన."

"ఏం వరమిస్తది మరి?"

"ఏమియ్యది. ఎదురుచూస్తది."

"గట్లయితే నీ లెక్కనే! యశోద చెల్లె నీ మీద అలిగి పుట్టింటికి పోయి ఎన్నాళ్లాయె? పోయి తోలుకరారాదు?"

మా వాళ్లలో పిలవనిదే అల్లుడు అత్తవారి గడప తొక్కడు.

మల్లన్న వెళ్లాక అద్దం బిగించాను. యశోద కూడా అక్కడ ఇట్లాగే ఎదురుచూస్తోందేమో. రేపు పిలవకుండానే పోతాను. గడపలో నన్ను చూసి మొదట ఏమంటుందో...