బలం వేసిన గడ్డి

నిమ్‌పురా,
ఆదివారం, సెప్టెంబరు 7.

కాలనీ తోటల అధికారి శ్రీ అమర్‌నాథ్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మైదానంలో యూరియా వేసిన తప్పును మా నాన్నగారి మీద మోపవద్దని మనవి.

వచ్చే శుక్రవారం మా నాన్న, తమ తోటమాలి దేముడు, తమ ఆఫీసుకు వచ్చి తనది కాని తప్పు ఒప్పుకుంటానంటున్నారు. ఆలోగానే తమకు తెలియజేయాలని ఈ అర్జీ రాస్తున్నాను.

1. రైల్వే యార్డు వెనుక మైదానంలో, ఎర్రమొరం నేలలోని గడ్డికి, నా ఎమ్మెస్సీ పరిశోధన పూర్తయ్యేదాకా ఎరువు తగలనివ్వనని తమరే మాట ఇచ్చారు. తెలుగు సంఘం సభలో ఆ గడ్డి గురించి నేను మాట్లాడితే ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. నేల సారం తక్కువైనచోట ఏ మొక్కా మరొకదాన్ని అణచలేదని, అందుకే అక్కడ విష్ణుక్రాంతం, పులిచింత, అత్తిపత్తి, ఎన్నో సన్నగడ్డి రకాలు పక్కపక్కనే బతుకుతున్నాయని ఆ రోజు చెప్పాను. యూరియా పడితే ఒకటి రెండు గడ్డి రకాలే ఎత్తుగా లేచి మిగతావాటికి వెలుతురు అందనివ్వవని కూడా చెప్పాను. కనుక తమకు తెలియదని అనుకోలేను.

2. జులైలో తనిఖీ ఉందని, మైదానం పచ్చగా కనబడాలని తమరు యూరియా వేయమన్నారు. అది మా అమ్మాయి చదువుకు కావలసిన గడ్డి అని మా నాన్న మనవి చేస్తే, "బలమే కదా దేముడూ వేస్తున్నాం, విషం కాదు కదా" అన్నారు.

మా ఇళ్ళలో ఎరువును బలం అంటారు. ఆ మాట వింటే ఆయన కాదనలేరు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంతోషంగా, "నీ గడ్డికి బలం ఏసినానమ్మా. ఇంక సూడు, ఎలాగ లెగుస్తాదో" అన్నారు.

3. లేచింది. దర్భ నడుము ఎత్తు పెరిగింది. దాని కింద నా పూలమొక్కలు ఒక్కటీ లేవు. మా ప్రొఫెసర్ గారు అడిగితే, చదువులేని మాలీ తనంతట తానే వేశాడని తమరు చెప్పారు.

4. తప్పు ఒప్పుకుంటే మైదానం మళ్ళీ నాకిస్తామని మా నాన్నకు ఆశ పెట్టారు. "ఒక మాట పడితే నాకేటమ్మా, నీ గడ్డి నీకుంటాది" అంటున్నారాయన. అయ్యా, ఆ గడ్డి లేదు. వేసిన బలాన్ని తిరిగి తీయలేము. ఇక వేయకపోయినా, పోయినవి రావడానికి ఏళ్ళు పడుతుంది. లేనిదాన్ని చూపి ఆయన చేత అబద్ధం ఆడించవద్దు. మైదానం తమరే ఉంచుకోండి. వేయించినది తామేనని మా ప్రొఫెసర్ గారికి చెప్పండి.

నా తెలుగుకు చప్పట్లు కొట్టిన తమరు, ఈ తెలుగును కూడా చివరిదాకా చిత్తగించవలెను.

తమ విధేయురాలు (అలాగే రాయాలి కనుక),
గురుగుబెల్లి కిరణ్మయి

తా.క.: ఈ ఉదయం మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళి దర్భను చూపించి, "ఎంత ఎదిగిపోనాదో సూసినావా" అన్నారు. తల ఊపి వచ్చాను. బలం వల్ల చెడు జరుగుతుందని నేను చెబితే ఆయన నమ్మరు. సారు, అంటే తమరు, చెబితే నమ్ముతారు. కనుక గురువారం, 11వ తేదీలోగా ఆ మాటే రాసి, మా నాన్న పేరనే జవాబు ఇప్పించండి. నేను చదివి వినిపిస్తాను.