మార్కెట్‌కు వెళ్లని డిజైన్

2021, శనివారం రాత్రి, గోడాదరా, మేం వలసొచ్చిన బస్తీ

ఆన్‌లైన్ క్లాసులో వ్యాపార ప్రచారం గురించి నేర్చుకున్నది సాధన చేద్దామని, బాపు మగ్గం మీది కొత్త చీర ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. కింద ఎంతో ఇష్టంగా నాలుగు మాటలు రాశాను. మార్కెట్‌కు వెళ్లేదాకా డిజైన్ దాచాలని నాకు తట్టనే లేదు. వారం తిరక్కుండానే ఎవరో దాన్ని నకలు కొట్టారు. లాక్‌డౌన్ తర్వాత ఇప్పుడిప్పుడే పని దొరికిన బాపును మగ్గాల యజమాని సేఠ్ ఇక పనికి రావద్దన్నాడు.

బాపు నన్ను తిట్టలేదు.

"సేఠ్‌కు హిందీల మాఫీ రాయి బిడ్డా. గంత సదువుతున్నవ్ గద, జర మంచిగ రాయి."

"ఏమని రాయాలె బాపూ?"

"తప్పు నాదే అని రాయి. నీ పేరు తేకు."

ఎన్నిసార్లు క్షమాపణ రాసినా ప్రతి వాక్యమూ వ్యాపార ప్రకటనలాగే ఉంది. అన్నీ చెరిపేశాను. ఇప్పుడీ డైరీ రాస్తుంటే కూడా ఆ మాఫీయే రాస్తున్నాననుకుని, బాపు నిద్రపోకుండా కూర్చున్నాడు.