తెల్ల కారు మీద నీ బొట్టు

నాన్నా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దసరా ఇది.

ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మా పక్కింటి వాల్టర్ గారి పాత స్పోర్ట్స్ కారు గుర్తుందా? ఫ్యాక్టరీలో వేసిన తెల్ల రంగే ఇంకా ఉందని మురిసిపోయేవారు. మన ఇంట్లో మొదటి డిగ్రీ నాదని, నేను పట్టా తీసుకోవడం చూడ్డానికొచ్చి, పండగదాకా ఉండిపోయావు. ఆయుధపూజ రోజు నా కారుతో పాటు దానికీ కుంకుమ నూనెలో కలిపి బొట్టు పెట్టావు. ఆ మరక పోనేలేదు.

ఇవాళ ఆ కారు కొనడానికి ఒకాయన వచ్చాడు. "ఇలాంటివి చాలా తక్కువ మిగిలాయి. ఈ మరకొక్కటి పాలిష్ చేయించండి, మంచి రేటిస్తా" అన్నాడు. నేను వెళ్లి నీ బొట్టు పక్కన నిలబడ్డాను.

వాల్టర్ గారు నవ్వారు. "పాలిష్ చేస్తే ఒరిజినల్ పెయింట్ కూడా లేచిపోతుంది. అయినా ఇలాంటి కార్లలో బొట్టున్నది ప్రపంచంలో ఇదొక్కటే. ఇష్టమైతే ఇలాగే తీసుకో."

ఆలోచించి చెబుతానని, కొనడానికొచ్చినాయన వెళ్లిపోయాడు.

"మరి ఈ ఏడు బొట్టు ఎవరు పెడతారమ్మా?" అని వాల్టర్ గారు నన్నడిగారు.

ఇంట్లోకెళ్లి కుంకుమ తెచ్చాను. ఇంకో మరక పడకుండా, సరిగ్గా నీ బొట్టు మీదే పెట్టాను.

నీ
సుజాత