మూగబోయిన సారు, నెగ్గిన కోర్సు

సూరత్, 2020. మంగళవారం రాత్రి.

చరిత్ర గమనించుగాక! బట్టల డిజైన్ ఆన్‌లైన్ కోర్సులో నేను నెగ్గాను. తప్పితే రేపటి నుంచే పల్సానా మిల్లులో అద్దకం పని అని బాపు ముందే తీర్పిచ్చాడు. సెల్లులో వచ్చేది చదువే కాదని ఆయన సిద్ధాంతం. అది నిరూపించడానికే, సెల్లులో సారు ప్రశ్నలడిగే మౌఖిక పరీక్షకు నా పక్కన, కెమెరాకు అందకుండా కూర్చున్నాడు.

మొదటి ప్రశ్నకే సారు గొంతు ఆగిపోయింది. పెదవులు ఆడుతున్నాయి, మాట లేదు. నా ప్రాణం పల్సానా దాకా వెళ్లింది.

"ఏందిరా, గట్ల నోరు తెరిచినవ్?" బాపు గుసగుసలాడాడు.

"వినబడ్తలేదు బాపూ."

"సాంచాల కాడ ఎవడన్నా వింటడారా? పడుగుకు, పేకకు ఫరకేందని అడుగుతుండు. జల్ది చెప్పు!"

సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో పెదవులు చూసే మాట పట్టడం వాటిని నడిపే బాపు లాంటి మావాళ్లకు అలవాటు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ బాపు అందించాడు, జవాబులన్నీ నేనే చెప్పాను. మధ్యలో ఆయన ఒకసారి దగ్గాడు. అది కరోనా కాదు, సైగ అంతకన్నా కాదు అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

పాసయ్యాక, కోర్సు ఎలా ఉందో చెప్పమని సెల్లు అడిగింది. శబ్దం నాణ్యత దగ్గర బాపు స్వహస్తంతో ఐదు స్టార్ల చుక్కలూ నొక్కేశాడు.

"అసలు గొంతే రాలే గద బాపూ!"

"అయితేంది? సాంచాల కన్న సప్పుడు తక్కువనే గద!"

పల్సానా గండం గడిచింది. బాపు ఇచ్చిన చుక్కలు చూసి, కోర్సువాళ్లు సారు మైకును ఇక ఎన్నటికీ బాగుచేయరేమోనని మాత్రం చిన్న దిగులు...