గరగ మోసే కాలు

మార్చి 2, 1981. సోమవారం

ఎడమ చీలమండ మళ్లీ మెలిక పడింది. నాలుగు నెలల్లో ఇది మూడోసారి. ఈసారి సామర్లకోట స్టేషన్లో, చదునైన ప్లాట్‌ఫారం మీద! సిగ్గేసింది. కొత్త అమావాస్య జాతరకి ముప్పై మూడు రోజులే ఉంది. అమ్మవారి ఇత్తడి ఘటం గరగని నాన్న పద్దెనిమిదేళ్లు నెత్తిన పెట్టుకుని, చెయ్యి వెయ్యకుండా ఊరంతా ఆడాడు. ఈ ఏడు నా వంతు. అది కింద పడితే ఊరికి అరిష్టం. ఇక గరగ మా ఇంటి గడప తొక్కదు.

మార్చి 4

కాకినాడ వెళ్లాను. ఫిజియోథెరపీ చేసే ఆవిడ, రాజరత్నం గారు చూశారు. లిగమెంట్ సాగిపోయిందట, కాలికి బ్యాలెన్స్ మళ్లీ మొదటినుంచీ నేర్పాలట. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడమన్నారు. నాలుగో సెకనుకే ఆవిడ భుజం పట్టుకున్నాను. పనేంటని అడిగితే షుగర్ ఫ్యాక్టరీలో గుమాస్తానండీ అన్నాను. గరగ సంగతి చెప్పలేదు. చెబితే వద్దంటారు.

మార్చి 9

ఎనిమిది సెకన్లు.

మార్చి 15

వడ్రంగి ఏసుపాదం పలక కింద గుండ్రటి చెక్క బిగించి ఇచ్చాడు. అన్ని వైపులా ఊగుతుంది. దాని మీద నేను, నా నెత్తిన నీళ్ల బిందె. మా ఆవిడ బేబి వాచీ చూస్తుంది. నాన్న పెరట్లోకి వచ్చి, కాలికేసి చూసి వెళ్లిపోయాడు. తెలిస్తే గరగ బాబాయి కొడుకు వెంకటరాజుకి ఇచ్చేస్తాడు. వాడికా! తిన్నగా సైకిలు తొక్కడమే రాదు వెధవకి.

మార్చి 29

ముప్పై ఒకటి! బేబి చప్పట్లు కొట్టి, అంతలోనే మొహం వేలాడేసింది. గడపగడపకీ ఆడాళ్లు బిందెలతో పసుపు నీళ్లు కాళ్ల మీద పోస్తారు కదండీ, తడిలో ఎప్పుడైనా నిలబడి చూశారా అని అడిగింది. నెల్లాళ్లుగా పొడి నేల మీదే చేశాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్న నీళ్లు, నాకు గుర్తే రాలేదు.

మార్చి 30

తడి నేల మీద, గజ్జెలు కట్టుకుని. ఆరు సెకన్లు.

ఏప్రిల్ 3, సాయంత్రం

పదిహేను. మామయ్యగారితో చెప్పేద్దామంది బేబి. నోరు మూసుకోమని అరిచాను. ఏడ్చింది. భయం నాకైతే తిట్లు దానికి. రేపే జాతర.

ఏప్రిల్ 5, ఉగాది

నిన్న పద్నాలుగో గడప దగ్గర కాలు మడత పడింది. మోకాళ్ల మీద కూలబడ్డాను. గరగ పడలేదు. నొప్పికి గావుకేక పెట్టాను. అమ్మ పూనిందన్నారు జనం. ఆ వాచిన కాలి మీదే పడి మొక్కారు. ఇంకా గట్టిగా అరిచాను. ఇంకో బిందెడు పోశారు. నాన్న లేవదీస్తే, ఆయన భుజం ఆసరాతో మిగతా ఊరు తిరిగాను.

ఇంటికొచ్చాక నాన్న తలుపేసి నా గజ్జెలు విప్పాడు. పద్దెనిమిది జాతరల్లో సగం జాతరలకి తనకీ అమ్మ ఇలాగే పూనిందన్నాడు.